సన్నటి బూట్లు కొంటానన్న మేనకోడలికి

చి. సింధూకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు జోళ్ళ ఫోటోలూ చూశాను. రెంటి మీదా ‘మినిమలిస్ట్ ట్రెయిల్ షూ’ అనే రాశారు, అంటే మట్టిదారుల్లో, గుట్టల్లో పరిగెత్తడానికి మెత్త, హంగులు తగ్గించి చేసిన బూటు. ఒకదాని సోల్ మందం 6 మిల్లీమీటర్లు, ఇంకోదానిది 25. ‘ఎంత సన్నగా ఉంటే కాలికి అంత మంచిదట కదా, సన్నదే తీసేసుకోనా?’ అని అడిగావు. తొందరపడకు. సన్నదనం చూడాల్సిందే గానీ, అది ఆఖర్న చూడాల్సిన సంగతి. వేళ్ళకు చోటుందా, నువ్వు పరిగెత్తే నేల ఎలాంటిది, నీ పిక్కలు ఇప్పుడు ఎంత మోయగలవు అన్నవి తేలితే మందం ఎంత కావాలో దానంతటదే తేలిపోతుంది.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. షాపుల్లో ‘జీరో డ్రాప్’ అనగానే సన్నటి బూటు అనుకుంటున్నారు. డ్రాప్ అంటే మడమ కింద మందానికీ వేళ్ళ కింద మందానికీ ఉన్న తేడా, అంతే. మామూలు రన్నింగ్ షూలో అది 8 నుంచి 12 మి.మీ. ఉంటుంది. ఆల్ట్రా వాళ్ళ లోన్ పీక్ జీరో డ్రాపే, కానీ కింద పాతిక మిల్లీమీటర్ల మెత్త ఉంటుంది. మెరెల్ వాళ్ళ వేపర్ గ్లవ్‌కి డ్రాపూ లేదు, మెత్తా లేదు. 2015లో కొందరు పరిశోధకులు కూర్చుని దీనికో లెక్క కట్టారు. బరువు, మందం, డ్రాప్, ఎంత వంగుతుంది, కాలిని కదలకుండా కట్టడి చేసే అమరికలు లోపల ఎన్ని ఉన్నాయి అని చూసి, ఒక్కోదానికీ ఐదేసి మార్కులు వేసి, మొత్తాన్ని శాతంలోకి మార్చారు. అంటే ఇది మినిమలిస్టా కాదా అని అడగడం దండగ, ఎంత శాతం అని అడగాలి. మొదటి జోడుకే తొంభై శాతం దగ్గరకు పోవాల్సిన అవసరం నీకు లేదు.

ఇక వెడల్పు సంగతి. దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నువ్వు అడగనిది ఇదొక్కటే. నేను డ్రిల్లు మాస్టారుగా చేసినన్నాళ్ళూ ఊళ్ళ నుంచి వచ్చే పిల్లల పాదాలు చూశాను. చెప్పుల్లేకుండా పెరిగిన కాలు ముందువైపు విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. అలాంటి కాలిని మొన తేలిన బూటులో దూరిస్తే బొటనవేలు లోపలికి, చిటికెనవేలు కిందికి ముడుచుకుంటాయి. ఇది మా ఊరి పిల్లల మాటే కాదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ వాళ్ళు దేశమంతా లక్ష మందికి పైగా పాదాలు కొలిచి, మనవి సగటున వెడల్పు పాదాలని తేల్చారు. విదేశీ కొలతలు మనకు కుదరడం లేదని ‘భా’ అనే కొత్త సైజుల పద్ధతి కూడా ప్రతిపాదించారు. అది షాపుల్లోకి పూర్తిగా వచ్చేదాకా మన జాగ్రత్తలో మనం ఉండాలి.

కాబట్టి ఇలా చెయ్. సాయంత్రం పూట, పొద్దంతా తిరిగిన కాళ్ళతో, రెండు తెల్లకాగితాలు గోడకు ఆనించి నేల మీద పెట్టు. మడమ గోడకు తగిలేలా నిలబడు. బరువంతా ఆ కాలి మీదే వేసి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని ఎవరితోనైనా చుట్టూ గీయించు. నువ్వే వంగి గీసుకుంటే బరువు పక్కకు పోయి కొలత తప్పుతుంది. రెండు కాళ్ళూ గీయించు, ఒకటి పెద్దగా ఉండడం మామూలే, పెద్దదానికే కొనాలి. పొడవు సెంటీమీటర్లలో రాసుకో. యూకే నంబరు, యూఎస్ నంబరు కంపెనీకో తీరుగా మారతాయి గానీ సెంటీమీటరు మారదు. గీతను కత్తిరించి ఆ బొమ్మను షాపుకు తీసుకుపో. బూటులోంచి ఇన్‌సోల్ (లోపల పరిచే అట్ట) బయటికి లాగి దాని మీద బొమ్మను పరుచు. బొమ్మ ఎక్కడైనా ఇన్‌సోల్ దాటి బయటికి వస్తే ఆ బూటు నీది కాదు, ఎంత ఆఫర్ ఉన్నా సరే. ముందువైపు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. రోడ్డు మీద అంతకంటే తక్కువైనా నడిచిపోతుంది. గుట్ట దిగేటప్పుడు మాత్రం ప్రతి అడుగుకూ కాలు ముందుకు జారి గోళ్ళు బూటు ముక్కుకు కొట్టుకుంటాయి. నల్లబడి ఊడిపోయే గోళ్ళు ఎక్కువగా దిగుడులో పోయేవే. ఇంకోమాట: ఆడవాళ్ళ మోడళ్ళు చాలా కంపెనీల్లో ముందువైపు ఇరుకుగా కుడతారు. మొహమాటపడకుండా మగవాళ్ళ జోడు కూడా వేసి చూడు.

నేల గురించి. నువ్వు వారంలో నాలుగు రోజులు కేబీఆర్ పార్కు చుట్టూ, ఆదివారం వికారాబాదు దగ్గరి అనంతగిరిలో పరిగెత్తుతానన్నావు. పార్కులో మట్టిబాట మీద 6 మి.మీ. బూటు హాయిగా ఉంటుంది. అనంతగిరి వేరు. అక్కడ ఎర్రమట్టిలో మొరం గుళ్ళు పైకి తేలి ఉంటాయి, వానకు మట్టి కొట్టుకుపోయిన చోట మరీనూ. అది కూడా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ముల్లు. గుట్ట కింద చేల గట్ల మీద, చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ ఎంత ఉందో నీకు తెలుసు. పచ్చి ముల్లు వంగుతుంది. ఎండి రాలిన కొమ్మ దారి మధ్యలో దుమ్ములో పడుంటుంది చూడు, దాని ముల్లు మేకులాంటిది. సైకిల్ టైరులో దిగుతుంది, మెత్తటి ఫోమ్ సోల్‌లో ఆగకుండా దిగుతుంది. పైగా లోపలే విరుగుతుంది. మొన పాదంలో, మొదలు సోల్‌లో. సోల్‌లో మిగిలిన ముక్క నాలుగు రోజుల తర్వాత మళ్ళీ గుచ్చుకుంటుంది. అందుకే పరుగయ్యాక బూటు తిప్పి అరచేత్తో కాదు, గోటితో గీకి చూసుకోవాలి. పల్లేరుకాయలు దీని ముందు లెక్కలోకి రావు.

అందుకని నీ ఆదివారపు జోడుకు కింద గట్టి రబ్బరు ఉండాలి, ఫోమ్ కాదు. షాపులో బూటు తిరగేసి బొటనవేలి గోటితో గట్టిగా నొక్కు, గుంట పడి అలాగే ఉంటే అది ముల్లుకు దారిచ్చే సరుకు. కొన్ని మోడళ్ళలో రాయి పొడుచుకోకుండా మధ్యలో పలచటి ప్లాస్టిక్ పలక పెడతారు, రాక్ ప్లేట్ అంటారు. సంప్రదాయవాదులు అది ఉంటే నేల తెలియదంటారు. నేల తెలియడం మంచిదే, ముల్లు తెలియక్కర్లేదు. నీకు నేను చెప్పే కొలత: ఇన్‌సోల్‌తో కలిపి 12 నుంచి 15 మి.మీ., డ్రాప్ నాలుగు లోపు, నేలను పట్టుకోవడానికి సోల్ కింద ఉండే పళ్ళు నాలుగు మి.మీ. దాకా. అంతకంటే లోతు పళ్ళు బురదకు పనికొస్తాయి గానీ బండల మీద కాలు తూలుతుంది. వానాకాలంలో వికారాబాదు వైపు నల్లరేగడి చేలల్లోంచి పోయే దారి తగిలితే, పళ్ళ మధ్య ఎడం ఎక్కువున్న సోలే మేలు. దగ్గరదగ్గరగా పళ్ళుంటే రేగడి పట్టుకుని, కాలికి చెరో అరకేజీ మోస్తావు. నాచు పట్టిన తడి బండ మీద ఏ రబ్బరూ నిలవదు, అక్కడ నడువు.

‘మన తాతలు చెప్పుల్లేకుండానే తిరగలేదా’ అని మీ ఫ్రెండ్స్ అంటున్నారన్నావు. తిరిగారు. పుట్టినప్పటి నుంచీ తిరిగిన కాళ్ళవి, ఆఫీసులో ఏసీ కింద కూర్చున్నవి కావు. అబెబె బికిలా సంగతి కూడా ఎవరో చెప్పి ఉంటారు, 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్ ఉత్త కాళ్ళతో గెలిచాడని. నిజమే. కాలికి కుదిరే బూట్లు దొరక్క ఉత్త కాళ్ళతో పరిగెత్తాడు. అలాగే పరిగెత్తి సాధన చేసినవాడు కాబట్టి గెలిచాడు. అదే మనిషి 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని మళ్ళీ గెలిచాడు, అంతకు ముందుకన్నా తక్కువ టైములో. ఆ రెండో ముక్క ఎవరూ చెప్పరు. మెక్సికో కొండల్లో రారామురి జనం పరుగుకు పెట్టింది పేరు. వాళ్ళు వేసుకునేది పాత టైరు కోసి తోలుతాళ్ళతో కట్టిన చెప్పు. మన పల్లెల్లో టైరు చెప్పులు కుట్టినట్టే. వాళ్ళ దారులన్నీ రాళ్ళు కాబట్టి టైరు పట్టుకున్నారు, పలచటి తోలు పట్టుకోలేదు.

ఇప్పుడు పిక్కలు. మడమ కింద ఎత్తు తీసేస్తే ఆ భారం పిక్కల మీద, మడమ వెనక అకిలిస్ స్నాయువు మీద, పాదం మధ్య సన్నటి ఎముకల మీద పడుతుంది. 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో, అలవాటైన రన్నర్లలో కొందరిని పది వారాల్లో వేళ్ళ బూట్లకు (ఒక్కో వేలికీ విడిగా అర ఉండే సన్నటి బూట్లు) మార్చి ఎంఆర్ఐ తీస్తే, సగానికి పైగా మందికి పాదం ఎముకల్లో వాపు కనిపించింది. పది వారాలంటే మనకు చాలా అనిపిస్తుంది, ఎముకకు చాలదు. ఆ వేళ్ళ బూట్లు చేసే విబ్రమ్ కంపెనీయే, కాలికి మేలు చేస్తాయని నిరూపణ లేకుండా ప్రచారం చేసిందన్న కేసులో 2014లో 37.5 లక్షల డాలర్లకు రాజీపడింది, తప్పు ఒప్పుకోకుండానే అనుకో. బూటు చెడ్డదని కాదు నేననేది. బూటు మందు కాదు.

కొనేముందు ఇంట్లో ఒక పరీక్ష పెట్టుకో. గోడకు వేళ్ళు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి, మడమ పూర్తిగా లేపి దించు. ఒక్కో కాలికి ఆగకుండా ఇరవై ఐదు రావాలి. పన్నెండుకే వణికితే డబ్బు దాచుకుని ముందు అది పెంచుకో. కొన్నాక మొదటి రెండు మూడు వారాలు ఇంట్లో, కూరగాయల బజారుకు, అంతే. తర్వాత వారానికి రెండుసార్లు, చదునైన మట్టి మీద, పరుగు మొదట్లో పది నిమిషాలు. ఆపైన ఆగి పాత బూట్లు వేసుకో. సంచిలో రెండు జోళ్ళు మోయడం చిరాకే, ఏం చేస్తాం. అడుగులు పొట్టిగా, త్వరగా పడాలి. చప్పుడు వినపడుతోందంటే మడమ బాదుతున్నావన్నమాట. దిగుడు అన్నిటికంటే చివర. మూడు నాలుగు నెలలు పడుతుంది. డిసెంబరులో 21 కిలోమీటర్ల ట్రెయిల్ రన్‌కి పేరిచ్చావు కదా, దానికి పాత బూట్లతోనే వెళ్ళు. ఇందులో వాదన లేదు.

రెండు పిక్కలూ సమానంగా సలిపి రెండు రోజుల్లో తగ్గితే టెన్షన్ పడకు. పాదం పైభాగంలో ఒకే చోట వేలు పెట్టి నొక్కితే ప్రాణం పోయినట్టుంటే మాత్రం ఆ రోజే పరుగు ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళు. సన్నటి పగులు మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అంతా బాగుందన్నారని మర్నాడే గుట్ట ఎక్కకు.

పైవైపు చూసుకోవాల్సినవి కొన్నే. లేసుల కింద ఉండే నాలుక రెండు పక్కలా కుట్టేసి ఉంటే ఇసక లోపలికి రాదు. వాటర్‌ప్రూఫ్ వద్దు, మన వానలో లోపలికి వచ్చిన నీళ్ళు బయటికి పోవాలి, లోపలే నిలవకూడదు. పాత మోడలు రంగు నచ్చకపోయినా సగం ధరకొస్తే తీసుకో. నీ రెండు ఫోటోల్లో అయితే రెండూ వద్దంటాను. ఒకటి పార్కుకే పరిమితం, ఇంకోటి ముందువైపు ఇరుకుగా కనిపిస్తోంది. ఆర్డర్ పెట్టేముందు ఆ పాదాల బొమ్మలు ఫోటో తీసి పంపు, పక్కన స్కేలు పెట్టి.

మీ నాన్న కూడా ఒక జోడు తెప్పించుకుంటానన్నాడని అక్క ఫోన్లో చెప్పింది. బావకు షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది, అరికాళ్ళు తిమ్మిరిగా ఉంటాయని తనే అంటున్నాడు. సన్నటి సోల్ తనకు కుదరదని గట్టిగా చెప్పు. ముల్లు దిగినా తెలియని కాలికి అది చాలా ప్రమాదం. ముందు డాక్టరు దగ్గర 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (అరికాలికి ఆనించి 10 గ్రాముల ఒత్తిడి ఇచ్చే సన్నటి నైలాను పోగు) పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోమను, ఎలాంటి బూటు వేసుకోవాలో కూడా అక్కడే అడగమను.

ఇట్లు,
మామయ్య