మా ముంగిట్లో రెండు రంగుల బోర్డులు

మిస్సిసాగా, కెనడా,
2025 ఏప్రిల్ 6, శ్రీరామనవమి

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య దీవెనలు.

పొద్దున పానకంలో మిరియాలు దంచి వేస్తుంటే కాల్గరీ నుంచి మీ అమ్మ ఫోన్. ఉగాది నాడు మీ ఇంట్లో భోజనాల దగ్గర నువ్వూ నీ స్నేహితుడూ పెట్రోలు మీద వేసే కార్బన్ పన్ను గురించి అరుచుకున్నారట. అతను పళ్లెంలో పులిహోర అలాగే వదిలేసి కోటు వేసుకుని వెళ్లిపోయాడట. ఆ రాత్రి మన ఫ్యామిలీ గ్రూపులో నువ్వు పెట్టిన మెసేజ్ నేనూ చూశాను. నువ్వు కన్జర్వేటివ్ పార్టీవాడివి కదా, ఎదుటి పార్టీ లిబరల్స్‌కి ఓటేసేవాళ్లకి బుర్ర లేదన్నావు. పాతికేళ్లుగా ఎక్కువసార్లు వాళ్లకే వేసిన మీ అత్త కూడా ఆ లెక్కలోకి వస్తుందని నీకు తట్టినట్టు లేదు. కోపం లేదులే. జనవరిలో సిటిజన్‌షిప్ ప్రమాణం చేశావు, ఈ 28న పార్లమెంటు ఎన్నికల్లో మొదటి ఓటు. ఆ ఊపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నిన్ను పార్టీ మార్చుకోమనడం లేదు. పార్టీ మనిషిగా ఎలా ఉండాలో ఇక్కడ దెబ్బలు తిని నేర్చుకున్నది కొంత ఉంది, అది చెబుతాను.

ముందు మన ఇంటి సంగతి. 1983 ఎన్నికలప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మీ తాతయ్య కాంగ్రెస్, మా బాబాయి కొత్తగా వచ్చిన తెలుగుదేశం. ఫలితాలొచ్చిన నెలలోపే ఉమ్మడి పెరట్లో గోడ లేచింది. నుయ్యి అటు, బట్టలుతికే బండ ఇటు. మా అమ్మ నీళ్లకి వీధి కుళాయికి వెళ్లేది. తాతయ్య పోయినప్పుడు కూడా ఆ గోడ పడలేదు.

అక్కడ పార్టీ ఇంటిపేరు లాంటిది, పుట్టుకతో వస్తుంది. ఇక్కడికొచ్చాక నేనూ అదే చేశాను. మనల్ని రానిచ్చింది లిబరల్సే అని ఎవరో చెబితే కళ్లు మూసుకుని వేశాను. తర్వాత చదువుకుంటే తెలిసింది. జాతి చూసి వలసదారుల్ని ఎంచుకునే నిబంధనల్ని 1962లో చాలావరకు తీసేసింది డీఫెన్‌బేకర్ కన్జర్వేటివ్ ప్రభుత్వం. 1967లో చదువూ పనీ చూసి మార్కులేసే పాయింట్ల పద్ధతి తెచ్చింది పియర్సన్ లిబరల్ ప్రభుత్వం. మీ అమ్మా నాన్నా ఇప్పుడు నీ దగ్గర నిశ్చింతగా ఉంటున్నారే, ఆ సూపర్ వీసా 2011లో కన్జర్వేటివ్ ప్రధాని హార్పర్ హయాంలో మొదలైంది. మొన్న అక్టోబర్లో 2025లో పీఆర్ (శాశ్వత నివాసం) ఇచ్చే లక్ష్యాన్ని 5 లక్షల నుంచి 3 లక్షల 95 వేలకి కోసింది మళ్లీ నా లిబరల్సే. ఇంటిపేరు చూసి ఓటేసేవాళ్లకి ఇవేవీ కనపడవు.

ఇక నీ ఆయిల్ సంగతి. లిబరల్స్ దాన్ని తొక్కేస్తున్నారన్న నీ కోపంలో న్యాయం ఉంది. ఆయిల్ ధరల్ని కేంద్రం గుప్పిట్లో పెట్టుకున్న 1980 నాటి లిబరల్స్ నేషనల్ ఎనర్జీ ప్రోగ్రామ్ మాటెత్తితే మీ ఆయిల్ రాష్ట్రం అల్బర్టాలో పెద్దవాళ్లు ఇప్పటికీ పళ్లు కొరుకుతారు. 2016లో అల్బర్టా ఆయిల్‌ని సముద్ర తీరానికి చేర్చే నార్తర్న్ గేట్‌వే పైప్‌లైన్‌ని లిబరల్ ప్రధాని ట్రూడో ప్రభుత్వం కాదంది. ఇవి నువ్వు ఎక్కడైనా గట్టిగా చెప్పు, ఎవరూ తీసిపారేయలేరు. కానీ 'లిబరల్స్ అసలేమీ చేయలేదు' అన్నావనుకో, ఎదుటివాడు ట్రాన్స్ మౌంటెన్ అంటాడు. 2018లో 450 కోట్ల డాలర్లు పెట్టి ఆ పైప్‌లైన్‌ని కొన్నారు, విస్తరించిన లైన్ 2024 మేలో పని మొదలుపెట్టింది. దానికి నీ దగ్గర జవాబు ఉండదు. జవాబు లేనప్పుడే గొంతు లేస్తుంది.

అందుకని వాదనకి దిగేముందు అవతలి పార్టీ చేసిన మంచి పని ఒకటి, మన పార్టీ చేసిన వెధవ పని ఒకటి జేబులో వేసుకుని వెళ్లు. నా జేబులో ఎప్పుడూ ఉండేది ఇదీ: ఎక్కువ ఓట్లొచ్చినవాడే ఆ సీటు గెలిచే ఈ పద్ధతిలో జరిగే ఆఖరి ఎన్నిక ఇదేనని 2015లో ట్రూడో మాటిచ్చాడు. గెలిచాక 2017 ఫిబ్రవరిలో ఆ మాటని చల్లగా గట్టున పెట్టేశాడు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 2019లోనూ 2021లోనూ దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు పడింది కన్జర్వేటివ్‌లకి, ఎక్కువ సీట్లు వచ్చింది లిబరల్స్‌కి. 2021లో 33.7 శాతం ఓట్లకి 119 సీట్లు, 32.6 శాతానికి 160. మీ పార్టీవాడే అయిన మీ మావయ్య ఈ అంకెలు నిద్రలో లేపినా చెబుతాడు. ఆయన చెప్పేటప్పుడు నేను ఔననే అంటాను, అక్కడితో ఆయన చల్లబడి కాఫీ అడుగుతాడు.

ఇంకొకటి. మీరిద్దరూ అరుచుకున్నది ఎప్పుడు? మార్చి 30న. పెట్రోలు మీద జనం కట్టే ఆ కార్బన్ పన్ను సున్నా అయ్యింది ఏప్రిల్ 1న. రెండ్రోజుల్లో పోయే పన్ను కోసం స్నేహితుణ్ణి పోగొట్టుకున్నావురా నాన్నా! మీ పార్టీ నాయకుడు పొలియేవ్ అన్నేళ్లు వెంటపడబట్టే, ట్రూడో తర్వాత ప్రధాని అయిన లిబరల్ కార్నీ దాన్ని తీశాడని నువ్వంటావు. అది నేనూ కాదనను.

మూడు ఎన్నికల్లో నేను పోలింగ్ కేంద్రంలో పని చేశాను, నీకు తెలుసుగా. మన కొత్తవాళ్లు చాలామంది బ్యాలెట్ చేతికిస్తే ఇటూ అటూ తిప్పి చూస్తారు. చిన్న కాగితం, నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు, పక్కన తెల్లటి గుండ్రాలు. గుర్తులుండవు, సైకిలూ హస్తం లాంటివేమీ ఉండవు. కార్నీ పోటీ చేసేది ఒట్టావాలో నెపియన్ నుంచి, పొలియేవ్ ఆ పక్కనే కార్ల్‌టన్ నుంచి. నీ కాగితం మీద ఇద్దరి పేర్లూ ఉండవు. తమాషా ఏమిటంటే ఇద్దరూ మీ అల్బర్టాలో పెరిగినవాళ్లే, ఒకరు ఎడ్మంటన్, ఒకరు కాల్గరీ. నువ్వు తిడుతున్న కార్నీని బ్యాంక్ ఆఫ్ కెనడా గవర్నర్‌ని చేసింది హార్పర్ ప్రభుత్వం. సరే, నీ రైడింగ్‌లో, అంటే నియోజకవర్గంలో, నిలబడ్డ ముగ్గురి పేర్లు చెప్పు చూద్దాం? ఈ వారం వాళ్ల ఆఫీసులకి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడుగు. ముగ్గురినీ అదే అడుగు. ఎవరు తిరిగి ఫోన్ చేస్తారో చూడు. గెలిచాక మీ అమ్మానాన్నల వీసా కాగితమో, పెన్షన్ ఫైలో ఇరుక్కుంటే ఆ ఆఫీసుకే వెళ్లాలి.

లెక్కింపు కూడా చేత్తోనే. తలుపులు మూసి, పెట్టె బల్ల మీద గుమ్మరించి, ఒక్కొక్క కాగితం విప్పి అందరికీ చూపించాలి. పార్టీల ఏజెంట్లు చూస్తారు, ముట్టుకోరు. ఒకసారి ఎవరో రెండు గుండ్రాల్లో ఇంటూ గీసి, ఒకదాని పక్కన 'సారీ' అని రాశారు. చెల్లని ఓటు. గీత తప్పిన వెంటనే వెనక్కి తెచ్చి అడిగుంటే కొత్త కాగితం ఇచ్చేవాళ్లం, ఆ సంగతి తెలియలేదు పాపం. ఆ 'సారీ' చూసి కన్జర్వేటివ్ ఏజెంటూ ఎన్‌డీపీ అనే ఇంకో పార్టీ ఏజెంటూ ఇద్దరూ ఒకేసారి నాలుక కరుచుకున్నారు. కాసేపయ్యాక ఒకే డబ్బాలోంచి టిమ్‌బిట్స్ (చిన్న డోనట్ ఉండలు) తింటున్నారు. అక్కడ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మా పెరటి గోడ గుర్తొచ్చింది.

ఒక్క ఓటుతో ఏమవుతుందనకు. 2021లో క్యూబెక్‌లోని షాటోగే-లకోల్‌లో తిరిగి లెక్కపెట్టాక తేలిన మెజారిటీ 12. టొరంటోలో డావెన్‌పోర్ట్‌లో 76. కాల్గరీలో చాలాచోట్ల మీ పార్టీకి మెజారిటీ వేలల్లో ఉంటుంది, నిజమే. అలాంటిచోట అసలు పోటీ పార్టీ లోపలే, అభ్యర్థి ఎవరన్నదాని మీద. సభ్యత్వం తీసుకుంటే వచ్చేసారి ఆ ఎంపికలో నీకూ ఓటు ఉంటుంది. గ్రూపులో వంద మెసేజ్‌లు పెట్టినా రాని బలం అది. చందా ఇస్తే మొదటి 400 డాలర్లలో 75 శాతం పన్నులో వెనక్కి వస్తుంది, రసీదు పారేయకు.

ఇంటింటి ప్రచారానికి వెళ్తే మాత్రం గుమ్మంలో వాదించకు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక పెద్దాయనతో జీఎస్టీ మీద ఇరవై నిమిషాలు వాదించి గెలిచాను. ఆ వీధిలో మిగతా పద్నాలుగు ఇళ్లకి వెళ్లేలోపు చీకటి పడింది. ఆ పెద్దాయన ఓటూ మాకు పడలేదు. మనవాళ్లెవరో కనుక్కుని రాసుకోవాలి, పోలింగ్ నాడు వాళ్లని ఇంట్లోంచి కదిలించాలి. మన పని అంతే. మీ ఆవిడకి పీఆరే కాబట్టి ఓటు లేదు గానీ, ఆమె కూడా తిరగొచ్చు, చందా ఇవ్వొచ్చు.

ఓటరు కార్డు ఈ వారంలో పోస్టులో వస్తుంది. అందులో అడ్రస్ సరిగా ఉందో లేదో చూసుకో. అది ఒక్కటే చాలదు, డ్రైవింగ్ లైసెన్స్ పట్టుకెళ్లు. 28న మీ దగ్గర పొద్దున ఏడున్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా. ఆఫీసు టెన్షన్ ఉంటే 18 నుంచి 21 దాకా అడ్వాన్స్ పోలింగ్ ఉంది, అప్పుడే వేసేయ్. 16న ఫ్రెంచిలో, 17న ఇంగ్లిష్‌లో నాయకుల డిబేట్లున్నాయి, అవి చూసి వెళ్లొచ్చు.

మా ముంగిట్లో ఎప్పట్లాగే రెండు బోర్డులు. ఆయనది కన్జర్వేటివ్‌ల నీలం, నాది లిబరల్స్ ఎరుపు. పోస్ట్‌మ్యాన్ ఎప్పుడూ నవ్వుతాడు. నిన్న గాలికి నాది పడిపోతే మీ మావయ్యే సుత్తి పట్టుకెళ్లి మళ్లీ పాతాడు. కాస్త వంకరగా పాతాడు, కావాలనే అని నా అనుమానం.

సాయంత్రం ఆ అబ్బాయి ఇంటికి ఒక సీసాలో పానకం, గిన్నెలో వడపప్పు పట్టుకెళ్లు. ఫోన్లో కాదు, ఇంటికే వెళ్లు. కార్బన్ మాట నువ్వు ఎత్తకు, అతనెత్తితే విను. ఓటేసి వచ్చాక నాకు ఫోన్ చెయ్యి, ఎవరికేశావో చెప్పక్కర్లేదు.

ఇట్లు
మీ అత్తయ్య