కొండకు అవతలి వైపు: ఒక యువ రచయిత్రికి లేఖ

మైలాపూర్, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నీ శ్రీలంక యాత్రా వ్యాసం అందింది. నీకు చూసే కన్ను ఉంది, అందులో నాకు సందేహం లేదు. క్యాండీ నుంచి ఎల్ల దాకా రైలు తలుపు దగ్గర నిలబడి, కంటికి ఆనినదేదీ వదలకుండా రాశావు. కానీ మొదటి పేజీల నిండా "పచ్చని తివాచీ పరిచినట్టు", "ప్రకృతి ఒడిలో", "మాటలకందని అందం" అనే మాటలే కనిపించాయి. ఇవే మాటలు అరకు గురించి రాసినా సరిపోతాయి, కొడైకెనాల్ గురించి రాసినా సరిపోతాయి. నువ్వు ఎక్కిన కొండ మాత్రం వాటిలో ఇంకా కనిపించడం లేదు.

"అక్కడ నిజంగానే అంత పచ్చగా ఉంది బాబాయ్ గారూ, ఇంకెలా రాయమంటారు?" అని అడిగావు. ఎందుకంత పచ్చగా ఉందో కనుక్కుని రాయి. నేను నీకు చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇదే.

నీ వ్యాసంలో అన్నిటికన్నా విలువైన చోటుని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నువార ఎలియలో వాన వదల్లేదనీ, "అదృష్టం కొద్దీ ఎల్లలో ఎండ కాసింది" అనీ రాశావు. అది అదృష్టం కాదమ్మా. నువ్వు వెళ్ళింది జూలైలో. నైరుతి గాలి సముద్రం మీంచి తడి మోసుకొచ్చి ద్వీపం నడుమనున్న కొండలకు తగులుతుంది. ఆ కొండల్లో అన్నిటికన్నా ఎత్తైన పిదురుతలాగల 2,524 మీటర్లు. గాలి పైకెక్కేకొద్దీ చల్లబడి, తడిలో చాలావరకు హాటన్, నువార ఎలియ వైపే కురిసేస్తుంది. శిఖరాలు దాటి అవతల, ఎల్ల ఉన్న ఉవా వైపు దిగేసరికి అందులో తడి పెద్దగా మిగలదు, పైగా దిగేకొద్దీ వేడెక్కుతుంది. నీ రైలు పట్టిపొల స్టేషన్‌లో ఆగింది కదా? దాదాపు 1,890 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషనే ఆ దేశపు రైల్వేలో అన్నిటికన్నా ఎత్తైనది. అది దాటగానే ఒక సొరంగం వస్తుంది. ఆ నెలల్లో సొరంగానికి ఇటు పొగమంచు, తుంపర ఉంటే అటు ఎండ కాయడం మామూలే. నువ్వు ఆ సొరంగం గుండా వెళ్ళావు. చీకట్లో అందరూ కేకలు వేశారని రాసి ఊరుకున్నావు. అవతల వెలుగు ఎలా ఉంది? తలుపు పట్టుకున్న చేతికి ఏ గాలి తగిలింది? నాకు అది కావాలి.

టీ రుచి కూడా దీన్ని బట్టే ఉంటుంది. ఉవా టీకి మంచి సువాసన వచ్చేది జూలై నుంచి సెప్టెంబరు లోపల, ఆ పొడిగాలి వీచే రోజుల్లో. పడమటి వైపు దింబుల తోటల్లో మంచి టీ జనవరి నుంచి మార్చి దాకా, అక్కడ వాన తెరిపి ఇచ్చినప్పుడు. నీకు ఎల్లలో ఎవరో ఇచ్చిన టీ "అద్భుతం" అన్నావు. ఏ నెల కోసిన ఆకు అని అడిగి ఉంటే ఆ కప్పు దగ్గర్నుంచే కొండ గురించి చెప్పగలిగేదానివి.

చెన్నైలో పుట్టి పెరిగినదానివి కాబట్టి ఇది నీకు ఇంకా తేలిగ్గా అర్థం కావాలి. జూన్, జూలైల్లో దేశమంతా వానలంటుంటే మనం ఇక్కడ ఎండలో మాడతాం. అక్టోబరు వచ్చాక మనకి మొదలవుతుంది. వేళచ్చేరిలో నీళ్ళు నిలిచే ఆ రోజుల్లోనే ఎల్ల ఉన్న బదుళ్ళ జిల్లా వైపు కొండలు కూడా తడుస్తాయి. మనల్ని తడిపే ఈశాన్య గాలే అక్కడా కురుస్తుంది. 2014 అక్టోబరు 29న కొస్లంద దగ్గర మీరియబెద్దలో కొండచరియ విరిగిపడి తోట కూలీల ఇళ్ళ వరసలు మట్టి కింద పడిపోయాయి. ఎల్లకి అది ఎంతో దూరం కాదు. నీ వ్యాసంలో వాన ఎక్కడ వచ్చినా ముత్యాల్లాగే రాలుతుంది. అలా రాసే ముందు ఆ వాలు మీద కింద ఎవరున్నారో ఒకసారి చూడు.

హార్టన్ ప్లెయిన్స్ పీఠభూమి గురించిన పేరాకి వస్తాను. వరల్డ్స్ ఎండ్ అంచున నిలబడ్డావు. 850 మీటర్లకు పైగా నిట్టనిలువు లోయ. "తెల్లవారుజామునే బయల్దేరమని గైడ్ తొందరపెట్టాడు" అని విసుక్కున్నావు గానీ కారణం రాయలేదు. పొద్దెక్కితే కింది లోయలో గాలి వేడెక్కి వాలు వెంట పైకి వస్తుంది, పైకొచ్చి చల్లబడి మబ్బవుతుంది. తొమ్మిది, పది దాటితే చాలా రోజులు లోయ మూసుకుపోయేది అందుకే. ఇక నువ్వు అసలు ఆగని చోటు, దారి పక్కన ఉన్న చెట్లు. పొట్టిగా, మెలికలు తిరిగి, తలలు గొడుగుల్లా చదునుగా ఉంటాయి. ఆకులు చిన్నవి, మందం. కొమ్మల నిండా నాచు, గడ్డంలా వేలాడే లైకెన్. వాన లేని రోజున కూడా వాటి కింద నిలబడితే చుక్కలు మీద పడతాయి. మబ్బు ఆకుల గుండా పోతూ అక్కడ తడి వదిలి వెళుతుంది. మహావేలి, కెలని, వలవ నదులకు నీరు మొదలయ్యేది ఈ పీఠభూమి మీదే. ఆ ఒక్క చెట్టు కింద పది నిమిషాలు కూర్చుని రాసి ఉంటే, నీ లోయ వర్ణన రెండు పేజీలూ అక్కర్లేకపోయేవి.

ఎర్ర రోడోడెండ్రాన్ పూలు చూసి "మనకి లేని పువ్వు" అన్నావు. ఉంది. నీలగిరుల్లో అదే జాతి పూస్తుంది. ఆ కొండలకీ పడమటి కనుమలకీ చెట్లలో, కప్పల్లో చాలా దగ్గర చుట్టరికం ఉంది. సముద్రమట్టం తక్కువగా ఉన్న కాలంలో ఇక్కణ్ణుంచి అక్కడికి నేల దారి ఉండేది.

ఇప్పుడు ఆ తివాచీ సంగతి. టీ చెట్టుని దాని మానాన వదిలేస్తే మానై పెరుగుతుంది. నడుం ఎత్తున ఉంచుతున్నది కోత. ఆ వాలుల్లో ఒకప్పుడు అడవి ఉండేది. దాన్ని కొట్టి కాఫీ వేశారు. 1869లో కాఫీ ఆకులకు కుంకుమ తెగులు కనిపించి, కొన్నేళ్ళలో తోటలు పోయాయి. జేమ్స్ టేలర్ అనే ఆయన 1867లోనే లూలకందురలో 19 ఎకరాల్లో టీ వేసి ఉన్నాడు, తర్వాత కొండలన్నీ అదే అయ్యాయి. పనికి మన పక్క జిల్లాల నుంచే తమిళ కుటుంబాలు వెళ్ళాయి. మన్నారు దగ్గర దిగి అడవిలో నడిచి, దారిలోనే ఎందరో పోయారు. 1948లో వాళ్ళలో ఎక్కువమందికి పౌరసత్వం లేకుండా పోయింది. 1964లో రెండు దేశాల ప్రధానులు చేసుకున్న సిరిమావో-శాస్త్రి ఒప్పందం తర్వాత లక్షలమంది ఇటు వచ్చారు. నీలగిరుల్లో తమిళనాడు ప్రభుత్వ సంస్థ టాన్‌టీ తోటలు మొదలుపెట్టింది అలా వచ్చినవాళ్ళ బతుకుతెరువు కోసమే.

"ప్రకృతి గురించిన వ్యాసంలో కూలీల గొడవ ఎందుకు, మూడ్ పాడవుతుందేమో" అని నువ్వు అనుకోవచ్చు. నువ్వు ఫోటో తీసుకున్న ఆ పచ్చదనం వాళ్ళ చేతి పని. వాళ్ళని వదిలేస్తే నీ వర్ణనే అబద్ధమవుతుంది. ఇందులో నేను పట్టువిడుపు చూపించను.

పైగా నీకున్న సౌకర్యం హైదరాబాద్ నుంచి వెళ్ళే రచయితకు లేదు. నీకు తమిళం వచ్చు, అదీ వీధిలో నేర్చుకున్న తమిళం. తోటలో గోతం తాడు తలకి తగిలించుకుని ఆకు కోస్తున్న ఆవిడని ఫోటో తీసుకుని వచ్చేశావు. "అక్కా, ఇవాళ ఎన్ని కిలోలు అయింది? ఏ వైపు నుంచి మబ్బొస్తే వాన ఖాయం?" అని అడిగితే చాలు. ఆ కొండని ఆవిడంత దగ్గరగా చూసినవాళ్ళు ఎవరూ ఉండరు.

సీత ఎలియ గుడి పేరాలు ఉంచు, మన పాఠకులు వాటికోసం చూస్తారు. మొదటి నాలుగు పేజీలు తీసేసి సొరంగం దగ్గర మొదలుపెట్టు. ఫ్లైట్, హోటల్ వివరాలు ఒక పేరాకి మించనివ్వకు. ఊళ్ళ పేర్లు అక్కడివాళ్ళు పలికినట్టు రాశావో లేదో సరిచూసుకో. నీ ఫోన్‌లో తేదీ, టైముతో ఉన్న ఫోటోలన్నీ వరసగా పెట్టుకుంటే ఏ గంటకి ఎక్కడ మబ్బుందో దొరుకుతుంది. దీపావళి లోపు తిరగరాసి పంపు, పత్రికకి ఇచ్చేముందు ఇద్దరం కూర్చుని చూద్దాం. ఆదివారాలు మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉంటాను.

అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
బాబాయ్