పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) కేసులో బిడ్డ తరఫు లాయరుకు ఫీజు మనమే కట్టాలా?

అక్కర్లేదు, కోర్టులో కేసు నడిపేది ప్రభుత్వం నియమించిన స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటరే. నేరం రుజువు చేసే బాధ్యత ప్రభుత్వానిదే కాబట్టి ఖర్చూ దానిదే. ఆ పదవికి అడ్వకేటుగా కనీసం 7 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలి. అంటే నిన్నగాక మొన్న నల్లకోటు వేసుకున్నవాళ్లకు ఇవ్వరు. అయితే ఆయన ప్రభుత్వ లాయరు. బిడ్డకు విడిగా లాయరును పెట్టుకునే హక్కును 2012 పోక్సో చట్టం 40వ సెక్షన్ ఇస్తుంది. ఉదాహరణకు, కూలి చేసుకునే తల్లి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే ఉచితంగా లాయరును ఇస్తారు. తెల్ల రేషన్ కార్డు ఉంటేనే ఇస్తారని చాలామంది అనుకుంటారు. అది తప్పు: 1987 న్యాయసేవల చట్టంలో పిల్లలకు ఆదాయ పరిమితే లేదు.