డిస్క్ జారితే ఆపరేషన్ తప్పనిసరా?

నడుములో డిస్క్ జారిందని ఎమ్మారైలో తేలినంత మాత్రాన ఆపరేషన్ తప్పనిసరి కాదు. ఎక్కువమందికి మందులు, వ్యాయామాలతోనే 6 నుంచి 12 వారాల్లో నొప్పి తగ్గుముఖం పడుతుంది.

పేరు అలా స్థిరపడిందిగానీ, నిజానికి డిస్క్ ఎక్కడికీ జారదు. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్‌కు వెలుపల గట్టి నారపొర, లోపల జిగురులాంటి పదార్థం ఉంటాయి; పొర చిట్లినప్పుడు ఆ జిగురు బయటికి పొడుచుకొచ్చి పక్కనున్న నరాన్ని నొక్కడమే కాక, దాని చుట్టూ వాపు కూడా కలిగిస్తుంది. వాపు తీసేకొద్దీ నొప్పి సద్దుమణుగుతుంది. బయటికి వచ్చిన ముక్కను సైతం శరీరం చాలాసార్లు తనంతట తానే కరిగించుకుంటుంది.

ఉదాహరణకు, నడుములోని 4, 5 పూసల మధ్య డిస్క్ ఉబికితే సాధారణంగా ఐదో నడుము నరం నలిగి, నొప్పి పిరుదు నుంచి పిక్క బయటి వైపుగా బొటనవేలి దాకా పాకుతుంది, పాదాన్ని పైకెత్తడం కష్టమవుతుంది. ఈ బలహీనత పెరుగుతున్నా, వారాలు గడిచినా నొప్పి వదలకున్నా, సుమారు 1 సెంటీమీటరు కోతతో ఎండోస్కోపు ద్వారానో, 2–3 సెంటీమీటర్ల కోతతో మైక్రోస్కోపు కిందనో నరాన్ని నొక్కుతున్న ముక్కను మాత్రమే తీసేస్తారు. మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చిన్న కోత ఆపరేషన్ ఏ నడుము నొప్పినైనా పోగొడుతుందనుకోవడం పొరపాటు. కాలులోకి దిగే నరం నొప్పికి పనిచేసినంతగా అది కండరాల బిగుతుకో, కీళ్ల అరుగుదలకో పనిచేయదు. పైగా ఏ నొప్పీ లేనివారి ఎమ్మారైలోనూ డిస్కులు ఉబ్బి కనిపించడం మామూలే.