జపనీస్ ఐరిస్ నీడలో పూస్తుందా? ఎన్ని గంటల ఎండ కావాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: నాటి రెండేళ్లు దాటింది, ఆకులు నడుము ఎత్తున పచ్చగా ఉన్నాయి, పువ్వు మాత్రం ఒక్కటీ రాలేదు. పొద్దున మూడు గంటలు ఎండ పడుతుంది, తర్వాత అంతా చెట్టు నీడే. నర్సరీలో "నీడలో కూడా వస్తుంది" అన్నారు. ఇప్పుడు ఎరువు పెంచాలా, చోటు మార్చాలా?

చోటు మార్చండి. ఎరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నేను చాలా ఏళ్లుగా ఈ మొక్కలు పెంచుతున్నాను. నీడలో ఇది చచ్చిపోదు, అందుకే మనం మోసపోతాం. ఆకులు ఏపుగా వస్తాయి, చూడ్డానికి ఏ లోటూ కనిపించదు. దగ్గరగా చూస్తే తెలుస్తుంది. నీడలో ఉన్న కుదురులో ఆకులు పొడవుగా, మెత్తగా పెరిగి వెలుతురు వచ్చే వైపుకి వంగుతాయి. ఎండలో పెరిగిన ఆకు కత్తిలా నిటారుగా నిలబడుతుంది, మధ్య ఈనె మీద బొటనవేలు పెట్టి రాస్తే గట్టిగా తగులుతుంది. ముందు మీ కుదుర్లో ఈ తేడా చూడండి.

లెక్క చెప్పాలంటే రోజుకి కనీసం 6 గంటల నేరు ఎండ. వేసవి మరీ తీవ్రంగా ఉండని చోట రోజంతా పడినా మంచిదే. నాలుగైదు గంటలు పడితే అక్కడో కాడ, ఇక్కడో కాడ వస్తుంది. మూడు గంటలకు ఆకులతోనే సరి. ఒకసారి పూసిన పిలక మళ్లీ పూయదు, దాని పక్కన వచ్చిన కొత్త పిలకలే తర్వాత పూస్తాయి. ఆ పిలకలకి బలం ఆకులు చేసి పెట్టిన ఆహారం నుంచే రావాలి. అందుకే పూల కాలంలో ఎండ ఉంటే చాలదు, పూలు అయిపోయాక మిగిలిన నెలల్లో కూడా కావాలి. ఎండ తక్కువైన చోట ఎరువు ఎక్కువ వేస్తే ఆకులే ఇంకో జానెడు పెరుగుతాయి, అంతకు మించి ఒరిగేదేమీ లేదు.

మరి ఎండకి మాడిపోదా అని మీకు అనిపించవచ్చు. ఎండ ఒక్కటే అయితే మాడదు. ఎండతో పాటు వేర్లు ఎండిపోతేనే కొసలు గోధుమరంగుకి తిరుగుతాయి. ఈ మొక్క పుట్టిల్లు తడి పచ్చికబయళ్లు. పైన ఎండ, కింద తడి, రెండూ కలిసే ఉండాలి. వసంతంలో చిగురు లేచినప్పటి నుంచి పూలు ముగిసే దాకా నేల ఆరనివ్వకండి. ఆ తర్వాత కొంచెం తగ్గించొచ్చు గానీ పూర్తిగా మానకూడదు. చలికాలంలో మాత్రం మొదళ్ల దగ్గర నీళ్లు నిలవకూడదు, కుళ్లుతుంది. పాదులో రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులో, పైన్ ఆకులో పరిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

వేసవి గట్టిగా ఉండే ప్రాంతమైతే పొద్దుటి ఎండ పూర్తిగా పడి, మధ్యాహ్నం రెండు దాటాక నీడ వచ్చే చోటు చూడండి. ఇది ఆకుల కోసం కాదు, పువ్వు కోసం. పువ్వు ఉండేదే రెండు మూడు రోజులు. ముదురు ఊదా రకాలు మధ్యాహ్నపు ఎండలో మొదటి రోజుకే వెలిసి, రెక్కల అంచులు కాగితంలా ముడుచుకుంటాయి. తెల్లవి, లేత రంగువి కొంత మెరుగు. తూర్పు వైపు తెరిపిగా ఉన్న చోటు నా దృష్టిలో అన్నిటికన్నా మంచిది.

గంటలు లెక్కపెట్టేటప్పుడు ఒక్క రోజు చూసి తేల్చేయకండి. వసంతం మొదట్లో, చెట్టుకి ఆకులు రాకముందు చూస్తే అదే చోటు ఫుల్ ఎండలా కనిపిస్తుంది. నెల తిరిగేసరికి గొడుగు పట్టినట్టు అవుతుంది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా గంటకోసారి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, కొన్ని వారాలాగి మళ్లీ తీయండి. ఆకుల సందుల్లోంచి పడే చుక్కల ఎండని గంటల్లో కలపొద్దు.

ఇంకో గందరగోళం కూడా ఉంది. ఐరిస్ గురించి ఎక్కడ చదివినా "దుంప పైకి కనిపించాలి, ఎండ తగలాలి, నేల పొడిగా ఉండాలి" అని ఉంటుంది. అది బియర్డెడ్ ఐరిస్ అనే వేరే రకం సంగతి. దీనికి వర్తించదు. దీని దుంప రెండు అంగుళాల లోతున మట్టిలో ఉండాలి, ఎండ ఆకులకి తగిలితే చాలు. కొత్త వేర్లు ఏటా పాత వేర్ల పైనుంచి వస్తాయి కాబట్టి కుదురు మెల్లగా పైకి లేస్తుంది. మూడు నాలుగేళ్లకోసారి విడదీసి నాటకపోతే మంచి ఎండలో ఉన్నా పూలు చిన్నవవుతాయి.

ఫొటోల్లో ఇవి ఎప్పుడూ మబ్బు కింద, వానలో కనిపిస్తాయి. జపాన్‌లో ఇవి పూసేది జూన్‌లో, సరిగ్గా వానల కాలంలో. అది చూసి నీడ మొక్క అనుకునేవాళ్లు చాలామంది. టోక్యోలో మెయిజి జింగూ అనే షింటో గుడి తోట చూడండి, చుట్టూ దట్టమైన చెట్లే, కానీ ఐరిస్‌లు ఉన్నది వరిమడిలా తెరిచి ఉన్న పల్లంలో. కుండీల్లో పెట్టి ఇంట్లో చూసుకోవడానికి అభివృద్ధి చేసిన హిగో రకాలు కూడా పెరిగేది బయట ఎండలోనే, పూసినప్పుడే లోపలికి తెచ్చేవారు.

మార్చే పనికి మండుటెండల రోజులు వద్దు. పూల కాలం అయిపోయిన వెంటనే గానీ, శరదృతువు మొదట్లో గానీ తీయండి. ఆకుల్ని మూడో వంతుకి కత్తిరించి, రెండు మూడు పిలకల ముక్కలుగా చేసి, వేర్లు ఆరకుండా తడిగుడ్డలో ఉంచి నాటండి. నేల కాస్త పులుపుగా, అంటే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. సున్నం, ఎముకల పొడి దగ్గరికి రానివ్వకండి. కొత్తగా నాటినదానికి ఆ సీజన్‌లో ఎరువు వద్దు. నీడలో పెరిగిన పాత ఆకులు కొన్ని కాలుతాయి, కంగారు పడకండి, కొత్తవి ఆ ఎండకి అలవాటుపడే వస్తాయి. మరుసటి ఏడు పూలు అంతంతమాత్రమే, ఆపై ఏడు చూడాలి.

నర్సరీ వాళ్ల మాటకి ఇంకో కారణం ఉండొచ్చు. ఐరిస్ జపోనికా అని వేరే జాతి ఉంది, అది నిజంగానే చెట్ల కింద పెరిగేది. మీరు అడిగే జపనీస్ ఐరిస్ అసలు పేరు ఐరిస్ ఎన్సాటా. మీ మొక్క ఆకులు వెడల్పుగా, మెరుస్తూ, మధ్య ఈనె ఉబ్బెత్తుగా లేకుండా, చలికాలంలో కూడా పచ్చగా ఉంటే అది జపోనికానే కావచ్చు, అప్పుడు చోటు మార్చక్కర్లేదు. చలికాలంలో ఆకులు ఎండిపోయి, మళ్లీ మొదలు నుంచి చిగురిస్తుంటే ఎన్సాటా, ఎండలోకి తీసుకురావాల్సిందే. అలాంటి చోటు మీ దగ్గర లేకపోతే దీన్ని కుండీలోకి మార్చి ఎండ ఉన్నవైపు పెట్టుకోండి, ఆ చెట్టు కింద జపోనికా నాటండి.