పదిహేడంగుళాల ముచ్చట గురించి

మర్రిపాలెం,
విశాఖపట్నం.

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన రిమ్ముల ఫొటోలు నాలుగూ చూశాను. నల్లరంగుది నిజంగా బాగుంది. నీ ఎర్ర హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌కి అది నప్పుతుంది కూడా. సొంత జీతంతో కొనుక్కున్న మొదటి కారును నీకు నచ్చినట్టు తీర్చిదిద్దుకోవాలని ఉండటం సహజం. కానీ "పదిహేడంగుళాలవి వేయించేస్తాను, అడ్వాన్సు ఇచ్చేయనా?" అని అడిగావు చూడు, ఆ అడ్వాన్సు ఆపడానికే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు. లెక్కలున్న విషయం కనుక కాగితం మీద పెడుతున్నాను.

మా పెరటి వరండాలో మూలకు ఆనించి ఉన్న వంకర రిమ్ము నీకు గుర్తుందా? చిన్నప్పుడు దాని మీద కూర్చుని ఆడుకునేదానివి. అది నా పాత హ్యాచ్‌బ్యాక్‌ది. ఆ కారుకు కంపెనీ ఇచ్చినవి 185/65 R15 టైర్లు. నేను వాటిని తీసేసి 205/45 R17 వేయించాను. ఈ అంకెల అర్థం కింద చెబుతాను. వీధిలో అందరూ ఆగి చూసేవారు. ఒక వానరాత్రి శ్రీకాకుళం నుంచి మీ పెద్దమ్మతో కలిసి వస్తూ, ఆనందపురం దాటాక నీళ్లు నిండిన గుంతలో ఎడమవైపు ముందు చక్రం పడింది. చప్పుడుకు మీ పెద్దమ్మ కెవ్వున అరిచింది. స్టీరింగు ఒక పక్కకు లాగేసింది. వెనక లారీ హారను మోగుతూనే ఉంది. కారును ఎలాగో రోడ్డు పక్కకు తెచ్చి దిగి చూస్తే, రిమ్ము అంచు లోపలికి మడతపడి ఉంది, టైరు రెండంగుళాల మేర చీలి ఉంది. ఆ రాత్రి మాకు ఏమీ కాలేదు. కానీ గాజువాకలో పాతికేళ్లు టైర్ల షాపు నడిపినవాణ్ణి, అంత తెలిసీ నా కారు దగ్గర అందం చూసుకున్నానే అని ఇప్పటికీ బాధపడతాను.

ఆ పాత టైరులో రిమ్ముకీ రోడ్డుకీ మధ్య 120 మిల్లీమీటర్ల రబ్బరు ఉండేది. కొత్తదానిలో 92. అంటే అంగుళానికి పైగా మెత్తదనాన్ని నేనే డబ్బిచ్చి తీయించుకున్నాను. గుంతలో పడినప్పుడు దెబ్బను మొదట తినేది ఆ సైడ్‌వాలే, అంటే టైరు పక్కగోడే. అది పలచబడితే దెబ్బ రిమ్ముకు, అక్కడి నుంచి సస్పెన్షన్‌కు చేరుతుంది.

ఇప్పుడు నీ కారు సంగతి. నీది 195/55 R16. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. మూడోది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 195లో 55 శాతం అంటే 107 మిల్లీమీటర్లు, అది పైనా కిందా రెండుసార్లు. దానికి 16 అంగుళాలు, అంటే 406 మిల్లీమీటర్లు కలుపు. చక్రం మొత్తం వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు. ఏ సైజు వేసినా మొత్తం వ్యాసం ఈ 621కి దగ్గరగా ఉండాలి. స్పీడోమీటరు, గేర్ల లెక్క, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అన్నీ దాన్ని నమ్ముకునే పనిచేస్తాయి. రెండు శాతానికి మించి తేడా రానివ్వకూడదు అన్నది షాపులో నేను పెట్టుకున్న హద్దు.

ఆ షాపువాడు నీకు చెప్పిన 205/45 R17 మొత్తం వ్యాసం 616. ఒక శాతం కూడా తేడా లేదు. కాబట్టి "కరెక్టుగా సరిపోతుందమ్మా" అని అతను అన్నది అబద్ధం కాదు. కానీ అతను చెప్పని సంగతులు రెండున్నాయి. మొదటిది, సైడ్‌వాల్ 107 నుంచి 92కి పడిపోతుంది. నేను చేసిన పని అదే కదా. రెండోది ఇంకా ముఖ్యం. టైరు మీద సైజు పక్కనే ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. అంకె ఆ టైరు ఎంత బరువు మోయగలదో చెబుతుంది, అక్షరం వేగపు హద్దు చెబుతుంది. 195/55 R16లో మామూలుగా కనిపించేది 87, అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోస్తుంది. 205/45 R17 మామూలు రకంలో వచ్చేది 84, అంటే 500 కిలోలే. నలుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెట్టుకుని అనంతగిరి ఘాట్ ఎక్కే కారుకు ఆ తగ్గుదల మంచిది కాదు. పదిహేడే వేయాలని పట్టుబడితే 88 ఉన్న ఎక్స్‌ఎల్ రకమే, అంటే ఎక్కువ బరువు మోసేలా చేసినదే అడుగు, గాలి కూడా దానికి తగ్గట్టు కాస్త ఎక్కువ పెట్టించాలి. ఎక్కువ గాలి, తక్కువ రబ్బరు. మన రోడ్ల మీద ఆ రెండూ కలిస్తే నడుముకు తెలుస్తుంది.

బరువు సంగతి కూడా చెప్పాలి. నీది ఒక లీటరు టర్బో ఇంజను, శక్తి 120 పీఎస్. చురుకైనదే, కానీ చిన్నది. పెద్ద రిమ్ములు చాలావరకు బరువైనవి. తిరిగే చక్రంలో పెరిగిన బరువు ఇంజనుకూ బ్రేకులకూ రెండింటికీ భారమే. నువ్వు ఆ కారును ఇష్టపడిందే సిగ్నలు పడగానే చటుక్కున కదిలే గుణానికి. కొనే ముందు రిమ్మును తక్కెడ మీద పెట్టించి, నీ పాతదానితో పోల్చి చూడు. పెట్టనివ్వనన్నవాడి దగ్గర కొనవద్దు.

ఇక సైజు కుదిరినా చక్రం కుదరకపోవచ్చు. నీ కారు హబ్బుకు, అంటే చక్రాన్ని బిగించే మధ్యభాగానికి, నాలుగు బోల్టులు 100 మిల్లీమీటర్ల వలయం మీద ఉంటాయి, దాన్నే పీసీడీ 4x100 అంటారు. మధ్య రంధ్రం 54.1 మిల్లీమీటర్లు. బజారులో దొరికే ఎనిమిది రంధ్రాల రిమ్ములు చాలా కార్లకు పట్టేలా చేస్తారు కనుక మధ్య రంధ్రం తరచూ 73.1 ఉంటుంది. ఆ ఖాళీని నింపడానికి హబ్ రింగు వేయాలి. ఒకసారి ఒక కుర్రాడు ఎనభై దాటితే స్టీరింగు వణుకుతోందని వచ్చాడు. వేరేచోట మూడుసార్లు బ్యాలెన్సింగు చేయించాడట. చక్రం విప్పి చూస్తే రింగు లేదు. నాలుగు రింగులు వేసి పంపాను, వణుకు పోయింది. నువ్వు మాత్రం రింగులు బిల్లులో రాయించుకుని, బిగించేటప్పుడు పక్కనే నిలబడి చూడు. నట్ల మర కూడా చూడాలి, అంటే బోల్టు లావూ, మరల మధ్య ఎడమూ, మిల్లీమీటర్లలో. హ్యుందాయ్‌ది 12x1.5, సుజుకీది 12x1.25. బలవంతంగా ఎక్కిస్తే బోల్టు పాడవుతుంది.

ఆఫ్‌సెట్ గురించి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా రాస్తాను. రిమ్ము వెనక ఈటీ అని ఒక అంకె పోతపోసి ఉంటుంది. రిమ్ము మధ్యగీతకూ, హబ్బుకు అంటుకునే ముఖానికీ మధ్య దూరం అది. ఉదాహరణకు 6 అంగుళాల వెడల్పు, ఈటీ 45 ఉన్న రిమ్ము తీసి 7 అంగుళాలు, ఈటీ 35 ఉన్నది వేశావనుకో. బయటి అంచు దాదాపు 23 మిల్లీమీటర్లు బయటకు వస్తుంది. ఫొటోలో అది కండపట్టినట్టు ఉంటుంది. కానీ కారు నిండా మనుషులుండి మలుపులో కిందికి ఒదిగితే టైరు ఫెండరుకు రాసుకుంటుంది, చక్రం బేరింగు మీద లాగుడు పెరుగుతుంది, వాననీరూ బురదా తలుపుల మీదికి చిమ్ముతాయి. నీ పాత రిమ్ము వెనక ఎంత ఉందో అంతే, లేదా నాలుగైదు మిల్లీమీటర్ల తేడాలోనే తీసుకో.

మన ఊరి గాలి సంగతి నీకు తెలియనిది కాదు. బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే కారుకు ఉప్పు పడుతుంది. డైమండ్ కట్ రిమ్ముల, అంటే ముఖాన్ని యంత్రంతో చెక్కి మెరిపించినవాటి, మెరుపు మీద పల్చటి పూత మాత్రమే ఉంటుంది. రాయి తగిలి అది లేచిన చోట తెల్లటి బూజులాంటిది కిందికి పాకుతుంది. నీ నల్లది పూర్తిగా రంగు వేసినది, ఆ విషయంలో నీ ఎంపిక మంచిదే. వారానికోసారి మంచినీళ్లతో కడిగితే చాలు.

నా మాట అడిగితే పదహారులోనే ఉండు. ఆ నల్ల డిజైనే పదహారులో తీసుకుని, మిగిలిన డబ్బుతో తడిరోడ్డు మీద పట్టు బాగున్న టైర్లు కొను. అదే 195/55 R16 చాలు. మార్చాలనే ఉంటే 205/55 R16 చూడు. మొత్తం వ్యాసం 632, తేడా రెండు శాతంలోపే. సైడ్‌వాల్ 113, ఇందాక చెప్పిన బరువు అంకె (లోడ్ ఇండెక్స్) 91. నేల నుంచి కారు ఐదు మిల్లీమీటర్లు లేస్తుంది, స్పీడు బ్రేకర్ల దగ్గర అదీ లాభమే. స్పీడోమీటరు వంద చూపించేటప్పుడు పాత టైర్లతో పోలిస్తే దాదాపు రెండు కిలోమీటర్లు ఎక్కువ వేగంలో ఉంటావు, అది గుర్తుపెట్టుకోవాలి. ఏ మార్పు చేసినా ముందు బీమా కంపెనీకి రాసి జవాబు తెప్పించుకో. వారంటీ సంగతీ సర్వీసు సెంటరులో కాగితం మీద అడుగు.

టైరు మీద తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. నాలుగు టైర్లవీ చూడు. చక్రాల్లో గాలి సెన్సార్లుంటే అవి కొత్త రిమ్ములకు మార్పించు. బిగించిన వంద కిలోమీటర్ల లోపు నట్లు మళ్లీ టార్కు రెంచితో, అంటే బిగువు కొలిచే రెంచితో, చూపించుకో.

అడ్వాన్సు ఇచ్చే ముందు రిమ్ము వెనక అంకెలు స్పష్టంగా కనిపించేలా ఫొటో తీసి నాకు పంపు. బిగించే రోజు ఆదివారం పెట్టుకుంటే నేనూ వస్తాను. స్టీరింగు రెండువైపులా చివరిదాకా తిప్పి, నేనూ మీ పెద్దమ్మా వెనక సీట్లో కూర్చుని, భీమిలి దాకా ఒకసారి వెళ్లి వద్దాం. ఎక్కడైనా రాసుకుంటే ఆ దారిలోనే తెలిసిపోతుంది.

నీ
పెదనాన్న