అక్కకు కూడా అమ్మ కావాలి

ప్రశ్న: మా బాబుకు 7 ఏళ్ళు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు స్వాధీనంలో లేకపోవడం), దాంతోపాటు ఫిట్స్. మింగలేడు కాబట్టి ఆహారం, మందులు అన్నీ పొట్టకు పెట్టిన ట్యూబు ద్వారానే. ఇన్నేళ్ళూ దేవుడి మీద భారం వేసి నెట్టుకొస్తున్నాను. ప్రార్థనే లేకపోతే ఏమైపోయేదాన్నో. మా అమ్మాయికి 12 ఏళ్ళు. నాకు కుడిభుజం. ఈమధ్య నేను స్నానానికి వెళ్ళినప్పుడు బాబుకు ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూసుకుని, 5 నిమిషాలు దాటగానే ఫిట్స్ ఆపే మందు ముక్కులో స్ప్రే కొట్టింది. దేవుడు వాడి కోసమే దాన్ని ముందు పుట్టించాడని అందరికీ చెబుతుంటాను. అలాంటిది రెండు నెలలుగా సాయంత్రం ప్రార్థనకు రావడం మానేసింది. ఒకరోజు ప్రార్థన మధ్యలో ‘అమ్మా, తమ్ముడి మందు టైమయింది’ అంటూ లేస్తే, ‘దేవుడి దగ్గర కూర్చున్నప్పుడు కాసేపు ఆగలేవా’ అని కసిరాను. అప్పటి నుంచే ఇలా. అడిగితే ‘నాకు నమ్మకం లేదు’ అంటోంది. మా అత్తగారు నా పెంపకాన్నే తప్పుపడుతున్నారు. దాన్ని మళ్ళీ భక్తి వైపు ఎలా తిప్పుకోవాలి?

జవాబు: భక్తి సంగతి పక్కన పెట్టండమ్మా. అది ఆ పిల్లకూ దేవుడికీ మధ్య విషయం, దానికి బోలెడు టైముంది. అత్తగారికీ ఇదే చెప్పండి. మీ ఉత్తరంలో నాకు కనబడిన చిక్కు వేరే. మీ ఇద్దరి మధ్య తల్లీకూతుళ్ళ సంబంధం ఎప్పుడో ఆగిపోయింది. షిఫ్టు మార్చుకునే ఇద్దరు నర్సుల్లా బతుకుతున్నారు.

ఫిట్స్ వచ్చిన రోజు గురించి గర్వంగా రాశారు. నేను అక్కడే ఆగిపోయాను. స్నానాల గది తలుపు వేసి ఉంది. తమ్ముడి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. స్ప్రే పట్టుకుని, గడియారం ముల్లు వైపు చూస్తూ ఆ పిల్ల 5 నిమిషాలు నిలబడింది. మిమ్మల్ని కేకేసిందా? వేసినట్టు మీరు రాయలేదు. చేసిన పనిలో తప్పేమీ లేదు. పక్కకు తిప్పడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, 5 నిమిషాలు దాటితే ఎమర్జెన్సీగా చూడటం డాక్టర్లు చెప్పేవే. కానీ ఆ కాసేపూ ఆమె మనసులో ఏం తిరిగిందో ఎప్పుడైనా అడిగారా? ‘నేను సరిగ్గా చేయకపోతే తమ్ముడు చచ్చిపోతాడు’ అనుకుని ఉంటుంది. ఆ టెన్షన్ పెద్దవాళ్ళే తట్టుకోలేరు.

ఇక ప్రార్థన రోజు సంగతి. ఫిట్స్ మందు టైముకు పడాలి. డోసు తప్పితే ఫిట్స్ తిరగబెట్టవచ్చు, ఉన్నట్టుండి ఆపేస్తే మరీ ప్రమాదం. ఇదంతా ఆ పిల్లకు నేర్పింది మీరే. నేర్పినట్టు చేయబోతే అందరి ముందూ కసిరిందీ మీరే. తమ్ముణ్ణి చూడకపోతే ఇంట్లో తప్పు, చూడబోతే దేవుడి దగ్గర తప్పు. ఇక ఆమె ఎక్కడ కూర్చోవాలి? ‘నాకు నమ్మకం లేదు’ అన్నది దేవుడి గురించే అనుకున్నారు మీరు. నాకైతే ఆ మాట మీ గురించి అన్నట్టే వినబడింది.

దేవుడు వాడి కోసమే దాన్ని పుట్టించాడనే మాట ఇవాళ్టి నుంచి మానేయండి. ఈ మాట ఏ ఇంట్లో విన్నా నాకు కోపం వస్తుంది. మీరు మురిపెంగానే అంటారు. కానీ నీకంటూ వేరే బతుకు లేదనే అర్థంతో అది ఆ పిల్ల చెవిన పడుతుంది. ఎదురు చెబుదామంటే దేవుడి పేరు అడ్డం. స్నేహితురాలి ఇంటికి వెళ్ళాలనిపించినా, ఎక్కడికో వెళ్ళి పెద్ద చదువు చదవాలనిపించినా, ఒక్కోసారి తమ్ముడంటే విసుగొచ్చినా పాపమనుకుని లోపలే కుక్కుకుంటుంది. విసుగు మీకు మాత్రం రాదా? తమ్ముడి మీద ప్రేమ ఆమెకు ఎటూ ఉంది. ఎవరూ ఆజ్ఞాపించనక్కరలేదు.

మీ నమ్మకాన్ని నేను తక్కువ చేయడం లేదు. ట్యూబు, ఫిట్స్, ఆసుపత్రుల మధ్య ఇన్నేళ్ళు నిలబడ్డారంటే ప్రార్థన మీకిచ్చిన ఊతమే. వదిలేయమని ఎవరు చెప్పినా వినకండి. కానీ దేవుడి మీద వేశాననుకున్న భారంలో సగం ఆ చిన్నపిల్ల మీద పడింది.

మీ వారేరి? ఇంత ఉత్తరంలో ఆయన ఊసే లేదు. తండ్రి ఉండగా కూతురు కాపలా కాయడం న్యాయం కాదని నా నమ్మకం. ట్యూబులో ఆహారం ఇవ్వడం, ఇచ్చాక కనీసం అరగంటసేపు బాబు తల ఎత్తులో ఉంచడం, స్ప్రే వాడటం ఆయన ఈ వారంలోనే నేర్చుకోవాలి. ఆసుపత్రిలో నర్సును అడిగితే దగ్గరుండి చూపిస్తారు. అత్తగారికి ఓపిక ఉంటే ఆవిడా నేర్చుకోవచ్చు. మందుల టైములు కాగితం మీద రాసి గోడకు అంటించండి, ప్రతి డోసు ఎదురుగా పెద్దవాళ్ళ పేరే ఉండాలి. ప్రార్థన వేళ మందుకు అడ్డొస్తుంటే ప్రార్థననే కాస్త జరపండి.

బాబును ఆయనకు అప్పగించి అమ్మాయితో విడిగా కూర్చోండి. ‘ఆ రోజు నిన్ను కసరడం నా తప్పు, నువ్వు చేసిందే కరెక్టు’ అని చెప్పండి. తర్వాత ఫిట్స్ వచ్చిన రోజు గురించి అడగండి. చెప్పకపోతే బలవంతపెట్టవద్దు, ఏడిస్తే ఊరుకోమనవద్దు. ప్రార్థన మాట అసలు ఎత్తకండి. రాత్రుళ్ళు సరిగా నిద్రపోవడం లేదనిపించినా, తమ్ముడి ఊపిరి చూడటానికి పదేపదే లేస్తున్నా పిల్లల సైకాలజిస్టుకు చూపించండి. తమ్ముడి అపాయింట్‌మెంటుతో కలపకుండా, ఆమె కోసమే ఒక రోజు పెట్టుకుని తీసుకెళ్ళండి.